కౌంటరు కంప్యూటరు నుంచి యూనియన్ సర్వరుకు: మీ పాల లెక్క ప్రయాణం

తెల్లవారుజామున క్యాను పట్టుకొని సంఘానికి వెళతాము. కాటా మీద పాలు తూస్తారు, నమూనా తీసి వెన్న శాతం చూస్తారు, చీటీ చేతికిస్తారు. పది రోజులకో పదిహేను రోజులకో బిల్లు వస్తుంది. దాచుకున్న చీటీలన్నీ కూడి చూస్తే వచ్చే మొత్తం, బిల్లులో వేసిన మొత్తం ఒకటే కావాలి. ఒక్కోసారి అలా కాదు. ఒక పూట పాలు బిల్లులో కనిపించవు, లేదా ఒకే పూట రెండుసార్లు పడుతుంది. కార్యదర్శిని అడిగితే "నేను సరిగానే కొట్టాను, కంప్యూటరులో అలా వచ్చింది" అంటాడు. యూనియన్‌ను అడిగితే "సంఘం నుంచి మాకు వచ్చింది ఇంతే" అంటారు.

కంప్యూటరు తనకు తానుగా తప్పు చేయదు. అలాగని దానిని కళ్ళు మూసుకొని నమ్మవలసిన పని కూడా లేదు. కౌంటరులో ఉన్న ప్రోగ్రాం ఏ విధంగా యూనియన్‌లోని సర్వరుతో మాట్లాడుతుందో, ఆ మాటల్లో ఎక్కడెక్కడ పొరపాటు దొర్లే వీలుందో తెలిస్తే, అడగవలసిన ప్రశ్న అడగవలసిన చోట అడగగలుగుతాము. ఆ విషయాలను సభ్యులకు అర్థమయ్యే రీతిలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బ్రౌజరు ఒకటి, డెస్క్‌టాప్ ప్రోగ్రాం మరొకటి

యూనియన్ సర్వరులోని లెక్కలను రెండు దారులలో చూడవచ్చు. మొదటిది బ్రౌజరు. ఫోనులో కాని, కంప్యూటరులో కాని చిరునామా కొట్టి పేజీ తెరుస్తాము. అధ్యక్షుడు నెల లెక్క చూసుకోవడానికి, ఆడిటరు బిల్లులు సరిచూడడానికి ఇది చాలు. ఏ కంప్యూటరులోనూ ప్రత్యేకంగా ఏదీ స్థాపించనక్కరలేదు.

రెండవది డెస్క్‌టాప్ ప్రోగ్రాం, అంటే కౌంటరు కంప్యూటరులోనే స్థాపించి, అక్కడే నడిచే ప్రోగ్రాం. పాలు పోయించుకునే కౌంటరుకు సాధారణంగా ఇదే అనుకూలం. కారణాలు మూడు. ఎలక్ట్రానిక్ కాటా, పాల పరీక్ష యంత్రం, చీటీ ప్రింటరు, ఎదుట వేలాడే అంకెల బోర్డు, ఇవన్నీ తీగలతో ఆ కంప్యూటరుకే కలిపి ఉంటాయి. తీగ మీదుగా వచ్చే అంకెను నేరుగా అందుకోవడం స్థాపించిన ప్రోగ్రాంకు సులువు, బ్రౌజరు పేజీకి అంత సులువు కాదు. రెండవ కారణం నెట్. పల్లెల్లో నెట్ ఉదయం ఐదు గంటలకు ఉందో లేదో చెప్పలేము. అరవై మంది క్యానులతో వరుసలో నిలబడి ఉండగా పేజీ తెరుచుకోలేదని పాలు ఆపలేము. మూడవది వేగం. ఒక్కొక్కరికి అర నిమిషంలో చీటీ రావాలంటే మౌసు పట్టుకొని వెతికే పని ఉండరాదు. సభ్యుని నంబరు కొట్టి, ఒక మీట నొక్కితే అయిపోవాలి.

కాబట్టి కౌంటరులో డెస్క్‌టాప్ ప్రోగ్రాం, మిగిలినవారికి బ్రౌజరు. రెండూ చేరేది ఒకే సర్వరుకు. ఇదే ఈనాడు ఎక్కువగా అనుసరిస్తున్న ఏర్పాటు.

ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటి?

ఇల్లు కట్టేటప్పుడు ప్రతి ద్వారబంధాన్నీ చెట్టు నరికి చెక్కించము. కొలతల ప్రకారం తయారైనది తెచ్చి నిలబెడతాము, మిగతా గోడ మన అవసరం కొద్దీ కట్టుకుంటాము. వెబ్ అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్ అటువంటి తయారు చట్రం. సర్వరులో నడిచే ప్రతి ప్రోగ్రాంకు కొన్ని పనులు తప్పవు: వచ్చిన చిరునామాను బట్టి తగిన పనికి పంపడం, డేటాబేసులో రాయడం, తీయడం, వచ్చినవారు ఎవరో గుర్తించడం, అంకె ఉండవలసిన చోట అంకే ఉన్నదా అని చూడడం. ఈ పనులన్నింటికీ ముందే రాసి, వేలమంది వాడి, లోపాలు సరిచేసిన భాగాలు ఫ్రేమ్‌వర్క్‌లో ఉంటాయి. మన యూనియన్ ప్రోగ్రామర్లు పాలకు సంబంధించిన నియమాలు మాత్రం రాసుకుంటే సరిపోతుంది.

ఇటువంటి వాటిలో పేరు పొందిన ఒకటి జాంగో. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరి వార్తాపత్రిక కార్యాలయంలో 2003లో ఏడ్రియన్ హోలొవాటీ, సైమన్ విలిసన్ అనేవారు దీనిని ప్రారంభించారు. 2005లో అందరూ ఉచితంగా వాడుకొనేటట్లు విడుదలయింది. గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరు దీనికి పెట్టారు. 2004లో వెలువడిన రూబీ ఆన్ రైల్స్ కూడా ఇదే కోవకు చెందినది.

పత్రిక పేజీలు చూపడానికి పుట్టిన చట్రం కౌంటరులోని ప్రోగ్రాంకు ఎలా పనికివస్తుందని ఎవరికైనా సందేహం రావచ్చు. సమాధానం తేలిక. బ్రౌజరు కూడా ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రామే. అది సర్వరుకు ఒక అడుగు పంపుతుంది, సర్వరు ఒక బదులు పంపుతుంది. ఈ అడుగు, బదులు ఏ రూపంలో ఉండాలో చెప్పే ఒప్పందాన్ని హెచ్.టి.టి.పి. అంటారు. జెనీవాలోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌తో పాటు దీనిని రూపొందించారు. ఆ ఒప్పందం ప్రకారం ఎవరు అడిగినా సర్వరు బదులు చెబుతుంది. తలుపు తట్టింది బ్రౌజరా, పాల కౌంటరు ప్రోగ్రామా అనేది దానికి పట్టదు. సర్వరు పైథాన్ భాషలో ఉండి, కౌంటరు ప్రోగ్రాం జావాలోనో, సి-షార్ప్‌లోనో ఉన్నా ఇబ్బంది లేదు.

ఒక తేడా మాత్రం ఉంది. బ్రౌజరుకు రంగులు, గీతలు, పట్టికలతో కూడిన పేజీ కావాలి. కౌంటరు ప్రోగ్రాంకు అలంకారం అక్కరలేదు, అంకెలు చాలు. అందువల్ల దానికి జేసన్ అనే సాదా రూపంలో వివరం పంపుతారు. చూడడానికి అది ఇలా ఉంటుంది:

{"సభ్యుడు": 47, "పూట": "ఉదయం", "లీటర్లు": "6.2", "వెన్న": "6.5"}

కౌంటరు నుంచి సర్వరుకు పోయేదీ ఇటువంటి వరుసే, తిరిగి వచ్చేదీ ఇటువంటిదే. ఇందులో దాపరికం ఏమీ లేదు, చదవడం వచ్చిన ఎవరైనా చదువుకోవచ్చు.

డేటాబేసు తలుపు నేరుగా తెరవరాదు

పూర్వం కొన్ని కార్యాలయాలలో డెస్క్‌టాప్ ప్రోగ్రాం నేరుగా కేంద్ర డేటాబేసులోనే రాసేది. ఒకే గదిలో నాలుగు కంప్యూటర్లు ఉన్నప్పుడు అది చెల్లింది. వందల ఊళ్ళ కౌంటర్లకు అది తగదు. డేటాబేసు తాళం ప్రతి కౌంటరు కంప్యూటరులోనూ పెట్టవలసి వస్తుంది. ఒక్క కంప్యూటరు దొంగల పాలైతే అన్ని సంఘాల లెక్కలూ వారి చేతిలో పడతాయి. పైగా ఏ అంకె సరి, ఏ అంకె కాదు అనే నియమం ప్రతి కౌంటరులోనూ విడివిడిగా ఉంటుంది కనుక ఒకచోట కొత్త నియమం, మరొకచోట పాత నియమం నడుస్తాయి.

పాల విషయంలో మనం చేసేదే ఇక్కడా చేయాలి. ఎవరి క్యాను వారు తెచ్చి శీతల కేంద్రం ట్యాంకులో గుమ్మరించరు. అక్కడ ఒకరు నిలబడి, వాసన చూసి, నమూనా తీసి, బాగున్నవే లోపలికి పోయిస్తారు. ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన సర్వరు ప్రోగ్రాం ఆ గుమ్మం దగ్గర మనిషి. వెన్న 6.5కు బదులు 65 అని వస్తే అది గుమ్మంలోనే ఆపుతుంది. ఈ పరీక్ష కౌంటరు ప్రోగ్రాంలోనూ ఉండాలి, ఎందుకంటే తప్పు అక్కడికక్కడే కనిపిస్తే అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. అయితే ఆఖరి మాట సర్వరుదే.

నెట్ పోయినప్పుడు ఏమవుతుంది?

చీటీకి, బిల్లుకు తేడాలు వచ్చే ముఖ్యమైన చోటు ఇదే కాబట్టి కొంచెం నిదానంగా గమనించండి.

మంచి కౌంటరు ప్రోగ్రాం నెట్ కోసం ఆగదు. పాలు తూచగానే ఆ వివరాన్ని ముందు తన కంప్యూటరులోని చిన్న డేటాబేసులో రాసుకుంటుంది. ఎస్‌క్యూలైట్ అనేది ఇందుకు విరివిగా వాడుతున్నారు. అది ఒకే ఒక ఫైలుగా ఉంటుంది, ప్రత్యేకంగా నడపవలసిన సర్వరు ఉండదు. రాసుకున్న తరువాతే చీటీ ముద్రిస్తుంది. ఆపైన నెట్ ఉంటే వెంటనే, లేకపోతే వచ్చినప్పుడు, ఒక్కొక్క పద్దును సర్వరుకు పంపుతుంది. సర్వరు "అందింది" అని బదులిచ్చాక ఆ పద్దుకు టిక్కు పెట్టుకుంటుంది. టిక్కు పడనివి మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించండి. 47వ నంబరు సభ్యురాలు 6.2 లీటర్లు పోసింది. లీటరు 60 రూపాయల చొప్పున 372 రూపాయలు. కౌంటరు ఆ పద్దు పంపింది. సర్వరు రాసుకుంది. "అందింది" అన్న బదులు దారిలో ఉండగా నెట్ పోయింది. కౌంటరుకు బదులు రాలేదు. పద్దు అసలు చేరలేదా, చేరినా బదులు మాత్రం పోయిందా? కౌంటరుకు తెలిసే దారి లేదు. మళ్ళీ పంపకపోతే పద్దు పోయే ప్రమాదం. పంపితే రెండుసార్లు పడే ప్రమాదం. పోతే ఆమెకు 372 రూపాయలు నష్టం. రెండుసార్లు పడితే లేని పాలకు సంఘం డబ్బు చెల్లిస్తుంది, సాయంత్రం ట్యాంకరు లెక్కలో 6.2 లీటర్లు తక్కువ తేలుతుంది, నింద కార్యదర్శి మీద పడుతుంది.

దీనికి కొందరు చెప్పే విరుగుడు ఏమంటే, ఒకే సభ్యుని పేర ఒకే పూట రెండవ పద్దు వస్తే సర్వరు తోసివేయాలని. ఇది పనికిరాదు. ఆవుపాలు ఒక క్యానులో, గేదెపాలు ఒక క్యానులో తెచ్చే ఇళ్ళు ఉన్నాయి. ముందు భార్య ఒక క్యాను పోసి వెళితే, తరువాత భర్త మరొకటి తేవచ్చు. రెండు క్యానులలోనూ సరిగ్గా 4 లీటర్లే ఉండవచ్చు. అవి రెండు నిజమైన పద్దులు. వాటిలో ఒకదానిని తోసివేస్తే ఆ ఇంటికి అన్యాయం జరుగుతుంది.

సరైన విరుగుడు ఇది. పాలు తూచిన క్షణంలోనే కౌంటరు ప్రోగ్రాం ఆ పద్దుకు మరెక్కడా రాని ఒక ప్రత్యేక సంఖ్య వేయాలి. యు.యు.ఐ.డి. అనే పద్ధతిలో తయారయ్యే ఇటువంటి సంఖ్యలు ఎంత పెద్దవంటే, ఏ రెండు కౌంటర్లలోనూ ఒకే సంఖ్య రావడం ఆచరణలో జరగదు. పద్దును ఎన్నిసార్లు పంపినా అదే సంఖ్యతో పంపాలి. సర్వరు ఆ సంఖ్య తన దగ్గర లేకపోతే రాసుకుంటుంది. ఉంటే మళ్ళీ రాయకుండా "ఇది ఇంతకుముందే అందింది" అని మొదటి బదులే తిరిగి చెబుతుంది. అప్పుడు పదిసార్లు పంపినా పద్దు ఒక్కటే. రెండు క్యానులకు రెండు సంఖ్యలు కనుక రెండూ నిలుస్తాయి.

ఇందులో ప్రోగ్రామర్లు మరవకూడని సంగతి ఒకటి ఉంది. "ఈ సంఖ్య ఉందా?" అని ముందు చూసి, లేకపోతే రాయడం చాలదు. ఒకే పద్దు రెండు ప్రతులు ఒకేసారి వస్తే రెండింటికీ "లేదు" అనే కనిపిస్తుంది, రెండూ పడతాయి. ఒక సంఖ్య ఒకేసారి ఉండాలన్న కట్టడి డేటాబేసులోనే వేయాలి. జాంగో, రైల్స్ రెండింటిలోనూ ఇది ఒక్క వరుసలో అయ్యే పని. ఈ ప్రత్యేక సంఖ్యలోని ఆఖరి ఆరు అక్షరాలైనా చీటీ మీద ముద్రిస్తే, బిల్లు దగ్గర తగవు వచ్చినప్పుడు పద్దును వెదకడం చాలా సులువవుతుంది.

ఐదున్నరకు ముందు పోసిన పాలు

గడియారం వల్ల వచ్చే తేడా విచిత్రమైనది. సర్వర్లు సాధారణంగా యు.టి.సి. అనే ప్రపంచ కాలమానంలో సమయాన్ని రాసుకుంటాయి. మన కాలమానం దానికన్నా ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. 11వ తేదీ ఉదయం 5 గంటల 10 నిమిషాలకు మీరు పాలు పోశారనుకోండి. యు.టి.సి. ప్రకారం అది ఇంకా 10వ తేదీ రాత్రి 11 గంటల 40 నిమిషాలే. ప్రోగ్రాం రాసినవారు ఈ సంగతి మరచి ఆ తేదీనే పట్టుకుంటే, 11వ తేదీ పాలు 10వ తేదీలో పడతాయి. 10వ తేదీతో బిల్లు ముగిసే చోట అవి ముందు బిల్లులోకి పోతాయి. ఐదున్నర తరువాత వచ్చినవారి లెక్క మాత్రం సరిగానే ఉంటుంది. అందుకే "కొందరికే తప్పు వస్తోంది, మిగతా వారికి రావడం లేదు" అనే వింత ఫిర్యాదు పుడుతుంది. తెల్లవారకముందే లేచి వచ్చినవారికే ఈ చిక్కు!

జాంగోతో కొత్త పని మొదలుపెట్టినప్పుడు దానంతట అదే యు.టి.సి.ని పెట్టుకుంటుంది. దానిని మన కాలమానానికి మార్చాలి. అంతకన్నా మంచి పద్ధతి ఏమంటే, పాల తేదీని, పూటను గడియారం నుంచి లెక్కకట్టకుండా "11వ తేదీ, ఉదయం పూట" అని కౌంటరు నుంచే విడిగా పంపడం. సర్వరుకు చేరిన సమయం పక్కన వేరుగా ఉండాలి. నెట్ లేక మధ్యాహ్నం చేరిన ఉదయం పద్దు, సాయంత్రం పద్దుగా మారకూడదు కదా!

కౌంటరు కంప్యూటరులో ఉండే చిన్న బిళ్ళ బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కు పోతుంది. పూట మొదలుపెట్టేటప్పుడు తెరమీద తేదీ చూడడం కార్యదర్శులు అలవాటు చేసుకోవాలి.

ధర లెక్క ఎవరు కట్టాలి?

చీటీ మీద ధర అప్పుడే కనిపించాలి కనుక కౌంటరు లెక్క కట్టక తప్పదు. బిల్లు యూనియన్‌లో తయారవుతుంది కనుక సర్వరూ కడుతుంది. రెండు చోట్ల కట్టిన లెక్క ఒకటి కావాలంటే మూడు విషయాలు సరిపోవాలి.

మొదటిది సూత్రం. లాక్టోమీటరు రీడింగు నుంచి ఎస్.ఎన్.ఎఫ్. కట్టే పద్ధతి చాలామందికి తెలిసినదే: రీడింగులో నాలుగోవంతు, దానికి వెన్న శాతంలో సుమారు ఐదోవంతు, ఆపైన ఒక స్థిరసంఖ్య కలుపుతారు. ఈ స్థిరసంఖ్య అన్ని చోట్లా ఒకటి కాదు. రీడింగు 28, వెన్న 6.5 అయితే 7కు 1.3 కలిపి 8.3 వస్తుంది. స్థిరసంఖ్య 0.36 అయితే ఎస్.ఎన్.ఎఫ్. 8.66. అదే 0.72 అయితే 9.02. పాలు అవే, రీడింగు అదే, ధర మాత్రం వేరవుతుంది. కౌంటరు ప్రోగ్రాం ఒకరి దగ్గర, సర్వరు ప్రోగ్రాం మరొకరి దగ్గర రాయించినప్పుడు ఈ సంఖ్య రెండింటిలోనూ ఒకటేనా అని మొదటే సరిచూడాలి. లీటరును కిలోలుగా మార్చే సంఖ్య విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

రెండవది ధర పట్టిక. కొత్త పట్టిక ఫలానా తేదీ ఉదయం నుంచి అమలు అని యూనియన్ ప్రకటిస్తుంది. నెట్ లేని సంఘానికి అది రెండు రోజులు ఆలస్యంగా చేరవచ్చు. అందువల్ల ప్రతి పట్టికకూ ఒక నంబరు ఉండాలి. కౌంటరు తాను ఏ నంబరు పట్టిక ప్రకారం చీటీ ఇచ్చిందో పద్దుతో పాటు పంపాలి. సర్వరు లెక్క వేరుగా వస్తే గుట్టుచప్పుడు కాకుండా దిద్దివేయరాదు. పద్దుకు గుర్తు పెట్టి, చీటీ అంకె, తన అంకె రెండూ చూపాలి. తేడా సొమ్ము బిల్లులో వేరే వరుసగా వేస్తే సభ్యునికి అర్థమవుతుంది.

మూడవది పైసలు. కంప్యూటరులో దశాంశాలను దాచే మామూలు పద్ధతిలో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, 17వ దశాంశ స్థానంలో ఒక 4 మిగులుతుంది. డబ్బు లెక్కలకు డెసిమల్ అనే ఖచ్చితమైన పద్ధతి వేరే ఉంది, అదే వాడాలి. సగం పైసను పైకి తీయాలా, కిందికి దించాలా అన్నది కూడా రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. పైథాన్ భాషలోని మామూలు పద్ధతి 2.5ను 2 చేస్తుంది, జావాస్క్రిప్టులోనిది 3 చేస్తుంది. ఒక్క పైసయే కావచ్చు. కాని చీటీకి, బిల్లుకు ఒక్క పైస తేడా వచ్చినా మనిషికి నమ్మకం సడలుతుంది.

తాళం, తాళంచెవి

బ్రౌజరులో లాగిన్ అయినప్పుడు సర్వరు కుకీ అనే గుర్తు ఇస్తుంది. తరువాత ప్రతి అడుగుతో బ్రౌజరు దానిని తనంతట తానే జతచేసి పంపుతుంది. మరొక దొంగ పేజీ ఈ అలవాటును ఆసరా చేసుకొని మన పేరుతో అడుగు పంపించగలదు. దానిని అడ్డుకోవడానికి సి.ఎస్.ఆర్.ఎఫ్. రక్షణ అనేది జాంగో వంటి ఫ్రేమ్‌వర్క్‌లలో ముందే ఉంటుంది.

డెస్క్‌టాప్ ప్రోగ్రాం మొదటిసారి పద్దు పంపినప్పుడు ఈ రక్షణ దానిని కూడా అడ్డగిస్తుంది, 403 అనే అంకె చూపుతుంది. అప్పుడు విసిగి ఆ రక్షణను మొత్తం సర్వరుకే తీసివేసేవారు ఉన్నారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్లే. చేయవలసింది ఏమంటే, కౌంటరుకు కుకీ బదులు టోకెన్ అనే రహస్య గుర్తు ఇవ్వాలి. దానిని ఏ ప్రోగ్రామూ దానంతట అది జతచేయదు, కౌంటరు ప్రోగ్రాం తానే తీసి ప్రతి అడుగుకూ పెట్టాలి. కనుక పై మోసానికి అక్కడ అవకాశం లేదు. టోకెన్‌తో వచ్చే దారులకు మాత్రమే ఆ రక్షణ నుంచి మినహాయింపు ఇచ్చి, బ్రౌజరు పేజీలకు యథాతథంగా ఉంచాలి. జాంగోకు తోడుగా వాడే రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఈ ఏర్పాటు తయారుగానే లభిస్తుంది.

టోకెన్ సంఘానికి ఒకటి కాదు, కంప్యూటరుకు ఒకటి ఉండాలి. కంప్యూటరు పోయినా, రిపేరుకు పంపినా ఆ ఒక్క టోకెన్‌ను యూనియన్‌లో రద్దు చేస్తే చాలు. ఆ టోకెన్‌తో ఒక సంఘం మరొక సంఘం లెక్కలు చూడలేకుండా సర్వరు కట్టడి చేయాలి. సర్వరు అసలైనదేనా అని కౌంటరు ప్రోగ్రాం సర్టిఫికెట్‌తో సరిచూసుకుంటుంది. "సర్టిఫికెట్ తప్పు" అని వస్తే ఆ పరీక్షను ఆపివేయమని ఎవరు సలహా ఇచ్చినా వినవద్దు. చాలాసార్లు కారణం కంప్యూటరులో తేదీ తప్పుగా ఉండడమే.

పాత ప్రోగ్రాం, కొత్త ప్రోగ్రాం

బ్రౌజరు పేజీని సర్వరులో మారిస్తే అందరికీ ఒకేసారి మారుతుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాం అలా కాదు. ఒక సంఘంలో ఈ ఏటి ప్రోగ్రాం, మరో సంఘంలో మూడేళ్ళ కిందటిది ఉంటాయి. సర్వరులో ఒక గడి పేరు మార్చినా పాత కౌంటర్లన్నీ ఆగిపోతాయి. అందుచేత పాత దారిని ఒకటవ సంచికగా అలాగే ఉంచి, కొత్త దారిని రెండవ సంచికగా పక్కన తెరవాలి. చివరి సంఘం కూడా కొత్త ప్రోగ్రాంకు మారిన తరువాతే పాతది మూయాలి. కొత్త ప్రోగ్రాంను ముందు రెండు మూడు సంఘాలలో ఒక బిల్లు కాలం నడిపి చూసి, ఆపైన మిగతా సంఘాలకు ఇవ్వడం క్షేమం.

తెర మీద కనిపించే అంకెలు

ఇబ్బంది వచ్చినప్పుడు "పని చేయడం లేదు" అని ఫోను చేయడం కన్నా, తెర మీది అంకె చెబితే యూనియన్ వారికి సగం పని తీరుతుంది. 200 లేక 201 అంటే అందింది. 400 అంటే పంపిన వివరంలో తప్పుంది. 401 అంటే టోకెన్ చెల్లలేదు. 403 అంటే ఆ పనికి అనుమతి లేదు. 404 అంటే చిరునామా తప్పు. 500తో మొదలయ్యేవి సర్వరువైపు లోపాలు, వాటికి కార్యదర్శి చేయగలిగింది లేదు. ఏ అంకే రాకపోతే నెట్ లేదని అర్థం.

ఒక హెచ్చరిక. 500 వచ్చినా, నెట్ లేకపోయినా పద్దు కౌంటరులో భద్రంగానే ఉంటుంది, ప్రోగ్రాం తరువాత పంపుతుంది. తొందరపడి అదే పద్దును చేత్తో రెండోసారి కొట్టవద్దు. చేత్తో కొట్టినదానికి కొత్త సంఖ్య పడుతుంది, అప్పుడు అది నిజంగానే రెండవ పద్దు అవుతుంది.

మనం చేయవలసినవి

సభ్యులు:
1. బిల్లు వచ్చేవరకు చీటీలు దాచుకోండి. తేదీ, పూట, లీటర్లు, వెన్న, ధర చీటీ తీసుకున్నప్పుడే చూసుకోండి.
2. తేడా వస్తే "బిల్లు తప్పు" అని ఊరుకోక, ఏ తేదీ, ఏ పూట, ఏ చీటీ అన్నది చూపి అడగండి. తెల్లవారుజాము పాలకే తేడా వస్తున్నదా, ఎప్పుడూ ఒకే విధంగా ఉన్నదా కూడా గమనించండి.

కార్యదర్శులు:
1. ప్రతి పూట చివర, పంపవలసిన పద్దులు ఎన్ని మిగిలాయో తెర మీద చూడండి. అది సున్న అయ్యేవరకు పూట ముగిసినట్లు కాదు.
2. తప్పు పడిన పద్దును చెరిపివేయవద్దు. దానిని రద్దు చేసే పద్దు, సరైన పద్దు రెండూ కారణంతో సహా వేయండి. చెరిపిన లెక్క ఎవరికీ జవాబు చెప్పదు.
3. కౌంటరు డేటాబేసు ఫైలును రోజూ పెన్‌డ్రైవులో నకలు తీసి, కంప్యూటరుకు దూరంగా ఉంచండి. నకలు తీసే ముందు ప్రోగ్రాంను మూయండి.

పాలకవర్గాలు:
1. ప్రోగ్రాం కొనేముందు నాలుగు ప్రశ్నలు అడగండి: నెట్ లేకపోతే పాలు పోయించుకోగలమా? పద్దు రెండుసార్లు పంపితే ఏమవుతుంది? ధర పట్టిక నంబరు పద్దుతో పాటు పోతుందా? మా లెక్కలు మొత్తం మాకు మామూలు ఫైలుగా ఇస్తారా?
2. జవాబు నోటితో వద్దు, చేసి చూపమనండి. పద్దు పంపుతుండగా నెట్ తీగ పీకండి, మళ్ళీ పెట్టండి. సర్వరులో ఆ పద్దు ఒక్కటే ఉంటే ప్రోగ్రాం మంచిది. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు.

గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు 1946లో సహకార యూనియన్‌గా ఏర్పడింది, తమ పాలకు ధర కట్టే అధికారం దళారుల చేతిలో ఉండడం సహించలేకనే. నాటి నుంచి నేటివరకు సహకార పాడికి బలం ఒక్కటే: కొలిచేది అందరి ఎదుట, రాసేది అందరికీ కనిపించేటట్లు. కంప్యూటరు వచ్చినంత మాత్రాన ఆ సూత్రం మారలేదు. పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు పట్టిస్తుంది. లెక్కలో నీళ్ళు కలిస్తే పట్టించవలసింది మన చేతిలోని చీటీయే. దానిని భద్రంగా దాచుకోండి, బిల్లుతో సరిచూసుకోండి.